మౌనం దొరికేది కవితలోనా, బొమ్మలోనా?

పెన్న ఇసుక: మొన్న అనంతపురంలో చిన్న చిత్రప్రదర్శనకు పోయినాను. ఎండిన పెన్న బొమ్మ ఒకటి పెట్టినారు. ముప్పాతిక భాగం ఉత్త తెల్లకాగితం, కింద అంచున ఒక ఇసుకరంగు గీత, అంతే. దాని ముందు నిలబడితే నోట మాట రాలేదు. అంతలో ఒకాయన మైకు పట్టుకుని మౌనం మీద కవిత మొదలుపెట్టినాడు. పది నిమిషాలు ఆపలేదు. నేననేది, మౌనం బొమ్మల సొత్తు. మాటలతో చేసే కవిత్వానికి అది చిక్కదు. కాదంటారా?

కడప గడప: ఆయన సాగదీస్తే కవిత్వం ఏం చేస్తుందన్నా? వేమన ఉప్పు, కప్పురం పద్యం తీసుకో. రెండు పాదాలు వాటి రూపు, రుచి గురించి. మూడో పాదంలో ఉన్నట్టుండి మనుషుల్లోకి దూకుతాడు. 'అలాగే' అని ఒక్క ముక్క కూడా అనడు. ఆ దూకడం మధ్యలో ఉన్నది మౌనం కాదా?

రాతిబండ: వెంటనే 'విశ్వదాభిరామ' అంటూ మకుటమొచ్చి పూడ్చేస్తుంది కదప్పా!

కడప గడప: పూడ్చదు. మకుటం అందరికీ నోటికొచ్చిందే. అది నడిచినంతసేపూ బుర్ర మూడో పాదం దగ్గరే ఉంటుంది.

తోలుబొమ్మ: ఏమీ పెట్టకపోతే మౌనం వచ్చేస్తుందా? ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి. మేకతోలు పల్చగా చేసి, ఆరబెట్టి, దాని మీద బొమ్మ గీసి, సన్నసన్న రంధ్రాలు కొడతారు. పగలు చేత్తో పట్టుకుంటే వట్టి బొక్కలు. వెనక దీపం పెడితే అవే సీతమ్మ మెడలో నగలు. తోలు లేని చోటే మెరుస్తుంది. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మలు ఇందుకు పూర్తిగా వేరు. ఎర్రటి రంగు మీద కిక్కిరిసిన మనుషులు. అక్కడక్కడా గార రాలి ఖాళీలు పడ్డాయి, దాన్ని మౌనం అనలేం, అది నష్టం. చేసినవాడు కావాలని కొట్టిన రంధ్రమైతేనే నేను మౌనం అంటాను.

రాతిబండ: మరి అదే గుడిలో కల్యాణమండపం? 16వ శతాబ్దంలో సగంలో ఆగిపోయింది. ఖజానా సొమ్ము వాడేశాడని నింద వస్తే, గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని కథ. ఎవరూ కావాలని వదిలింది కాదు. అయినా నేను పోయిన ప్రతిసారీ పైకప్పు లేని ఆ స్తంభాల మధ్యే ఎక్కువసేపు కూర్చుంటాను.

తోలుబొమ్మ: కథ తెలుసు కాబట్టి కూర్చుంటావు. తెలియనివాడు సెల్ఫీ తీసుకుని పోతాడు.

కడప గడప: కథంటే మాటే కదా! ఇప్పుడేమంటావ్ పెన్నన్నా?

పెన్న ఇసుక: ఒకటి దాచినాను. ఆ తెల్లకాగితం కింద చిన్న చీటీ ఉండింది. 'పెన్న, ఆగస్టు' అని. వానాకాలంలో కూడా అదే ఇసుక. చీటీ చదవకముందు నేను ఆ బొమ్మను దాటి వెళ్లిపోయినాను, చదివి వెనక్కి వచ్చినాను. మైకాయన మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.