లింక్డిన్‌లోనే రోజంతా పోతోంది, పరిచయాలకి ఎంత టైమ్ పెట్టాలి?

ఎచ్చెర్ల_కెమిస్ట్రీ: ఎమ్మెస్సీ ఆర్గానిక్ అయ్యింది, పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) జాబ్ చూస్తున్నాను. కాంటాక్ట్స్ పెంచుకో అని అందరూ అంటే పొద్దున్నించి కనపడిన ప్రతి హెచ్ఆర్‌కీ రిక్వెస్ట్ పెడుతున్నాను, ఒక్కరూ పలకట్లేదు, ఇటు హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏ పదార్థం ఎంతుందో తేల్చే ల్యాబ్ పద్ధతి) చదవడానికి టైమ్ మిగలట్లేదు. ఏటి చెయ్యమంటారు?

విజయనగరం_క్యూఏ: తమ్ముడూ, హెచ్ఆర్‌లకి అలాంటి మెసేజ్‌లు బోలెడొస్తాయి, ముందు మీ సీనియర్లని పట్టుకో. లింక్డిన్‌లో మీ యూనివర్సిటీ పేజీకి వెళ్తే అలుమ్నై (పాత స్టూడెంట్స్) అని ఉంటుంది, ఎవరు ఏ కంపెనీలో ఏ పని చేస్తున్నారో అక్కడే తెలుస్తుంది, క్యూసీలో ఉన్నవాళ్ళని వారానికి నలుగురైదుగుర్ని ఎంచుకుని "జాబ్ ఇప్పించండి" అనకుండా "ఫ్రెషర్స్‌ని మీ ల్యాబ్ ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు సార్" అని అడుగు. దానికి జవాబు చెప్పడం వాళ్ళకి తేలిక. షిఫ్టుల్లో ఉంటారు, రిప్లై లేటవుద్ది, వారం ఆగి ఒకసారి గుర్తుచెయ్యి చాలు. రోజుకి అరగంట దాటనివ్వకు, మిగతాది చదువుకే.

రణస్థలం_అన్న: వాకిన్‌లకి (నేరుగా వెళ్ళి ఇచ్చే ఇంటర్వ్యూలకి) వెళ్ళినప్పుడు పక్కన కూర్చున్న కుర్రాళ్ళ నంబర్లు కూడా తీసుకో బాబూ, నెక్స్ట్ వాకిన్ ఎక్కడో ముందు తెలిసేది వాళ్ళకే. రిఫరల్‌కి (కంపెనీలో మన పేరు సిఫార్సు చెయ్యడానికి) డబ్బులు అడిగినోడితో మాత్రం మాటే వద్దు.

ఎచ్చెర్ల_కెమిస్ట్రీ: థాంక్స్ అన్నా. సీనియర్ అక్కలకి మెసేజ్ పెడితే తప్పుగా అనుకుంటారేమో?

విజయనగరం_క్యూఏ: నేనూ అక్కనే తమ్ముడూ 🙂 బ్యాచ్, సబ్జెక్ట్ రాసి మర్యాదగా అడుగు, ఎవరూ ఏమీ అనుకోరు.