గ్రహాన్ని గెలిస్తే ‘దిగ్విజయ’మా, ‘ఆక్రమణ’మా?

విజయవాడ పటమటలో మేము నలుగురు మిత్రులం ఆదివారాలు కలిసి ‘ట్విలైట్ ఇంపీరియం’ ఆడుతున్నాము. 1997లో తొలిసారి వెలువడి, 2017లో నాలుగో కూర్పుగా వచ్చిన ఈ అంతరిక్ష సామ్రాజ్యాల ఆటలో, మెకటోల్ రెక్స్ అనే నడిమి గ్రహం చుట్టూ షట్కోణపు పలకలను పేర్చుకుని, ముందుగా 10 పాయింట్లు సాధించినవారు గెలుస్తారు. ఆడుతున్నంతసేపూ తెలుగు మాటలే వాడాలని నియమం పెట్టుకున్నాము. పలక, పావు, వంతు ఇట్టే కుదిరాయి. ఎదుటివారి గ్రహాన్ని చేజిక్కించుకోవడాన్ని ఏమనాలో మాత్రం రెండు వారాలుగా తేలలేదు.

ఒక మిత్రుడు ‘దిగ్విజయం’ అంటున్నారు. గంభీరమైన మాటే. రాజసూయానికి ముందు అర్జునుడు ఉత్తరానికి, భీముడు తూర్పుకు, సహదేవుడు దక్షిణానికి, నకులుడు పడమటికి వెళ్లి రాజులను జయించి రావడాన్ని మనం ఆ మాటతోనే చెప్పుకుంటాము. అంటే రాజధాని నడుమ ఉండాలి, దిక్కులు దాని చుట్టూ ఉండాలి. ఈ ఆటలో ఆ అమరిక తిరగబడింది: ఆటగాళ్ల స్వస్థానాలు అంచుల్లో ఉంటాయి, అందరి చూపూ నడిమి గ్రహం మీదే ఉంటుంది. పైగా ఒక్క గ్రహాన్ని పట్టినందుకే దిగ్విజయమనడం ఆ మాటను చిన్నబుచ్చడమే.

నేను ‘ఆక్రమణ’ వైపు ఉన్నాను. మన ఊళ్లో ఆ మాట వినగానే కాలువగట్ల మీది కట్టడాల తొలగింపు వార్తలే గుర్తుకొస్తాయని, దానికి నేరపు వాసన అంటుకుందని మిగిలినవారి అభ్యంతరం, అది నిజమే. అయినా ధాతువును చూడండి. ‘క్రమ్’ అంటే అడుగు వేయడం. విక్రమం, పరాక్రమం, మూడడుగులతో లోకాలను కొలిచిన త్రివిక్రముడి పేరు, అన్నీ దాని నుంచి పుట్టినవే. ఆట నియమం చెప్పేదీ సరిగ్గా ఇదే. ఓడలతో పోరాడి గ్రహం చుట్టూ ఉన్న ఆకాశమంతా గెలిచినా గ్రహం మనది కాదు. పదాతి దళం నేల మీద దిగి, అక్కడి రక్షక దళాన్ని ఓడించినప్పుడే దాని కార్డు మన చేతికి వస్తుంది. అడుగు పడనిదే గెలుపు లేని చోట, అడుగును కడుపులో దాచుకున్న మాటకంటే తగినది నాకు కనబడలేదు.

ఇది చదివిన గుంటూరు పాఠకురాలి జవాబు:

మీ వాదన బాగుందండీ. అయితే ‘పాగా వేయడం’ అనే నుడికారాన్ని ఎందుకు విడిచిపెట్టారు? కొత్త చోట నిలదొక్కుకున్నారని చెప్పడానికి ఎన్నికల వార్తల్లో రోజూ చూస్తూనే ఉంటాము. ఎవరూ లేని గ్రహం మీద దళాన్ని దింపితే, అడ్డుపడేవారే లేనప్పుడు, దాన్ని ఆక్రమణ అనడం న్యాయంగా ఉంటుందా?

నా సమాధానం:

ఉండదండీ. ఖాళీ గ్రహం విషయంలో మీ మాటే సరైనది. ఒక్క చిక్కు మిగిలింది. పాగా వేసినవారు అక్కడే ఉండాలి కదా. ఈ ఆటలో దళాన్ని వేరే చోటికి తరలించినా, మరొకరు వచ్చి పట్టేవరకు ఆ గ్రహం మన గుర్తుబిళ్లతో మనదిగానే ఉంటుంది. ఆ స్థితికి ‘ఏలుబడి’ అనే చక్కని తెలుగు మాట ఉంది. మా పదాల పట్టికలో ఈ రెండింటినీ చేర్చి, ‘ఆక్రమణ’ను పోరు జరిగిన చోటికే పరిమితం చేశాను.