రాత్రి పది దాటాక పబ్బులో పాట ఆగిపోవాలా? జూబ్లీహిల్స్ విషయంలో ఒక చర్చ

బేస్ గిటారిస్టు, కొండాపూర్ (చర్చ మొదలుపెట్టినవారు)

హైదరాబాదులోని పబ్బులలో, రెస్టారెంట్లలో బ్యాండుతో కలిసి వాయించడమే పదేళ్లుగా నా జీవనోపాధి. రాత్రి 10 గంటలు కాగానే లైవ్ మ్యూజిక్‌ను పూర్తిగా ఆపివేయాలనే నియమం వల్ల ఎవరికి మేలు జరుగుతున్నదో ఇక్కడివారు ఆలోచించి చెప్పాలని కోరుతున్నాను. జూబ్లీహిల్స్ వాసుల ఫిర్యాదుపై విచారణ జరిపిన తెలంగాణ హైకోర్టు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పబ్బులలో సంగీతం వినిపించరాదని 2022 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. తరువాత అప్పీలులో ఆ ఆంక్షను జూబ్లీహిల్స్‌లోని కొన్ని పబ్బులకు కుదించారు. అయినా నేను వాయించే చోట్ల యజమానులు ఎందుకొచ్చిన తంటా అని పదికే మమ్మల్ని ఆపేస్తున్నారు.

మా సాయంత్రం ఎలా గడుస్తుందో చెబుతాను. ఆరింటికల్లా వెళ్లి సౌండ్ చెక్ చేసుకుంటాము. గచ్చిబౌలి ఆఫీసులలో పని ముగించుకుని, ట్రాఫిక్ దాటుకుని జనం వచ్చి కూర్చునేసరికి తొమ్మిదవుతుంది. ఎనిమిదిన్నరకు మొదలయ్యే మా మొదటి సెట్‌ను ఖాళీ కుర్చీలు, బల్లలు తుడిచే కుర్రవాళ్లు వింటారు. రెండో సెట్‌కు హాలు నిండి, మేము పల్లవి అందుకోగానే జనం కూడా గొంతు కలిపే వేళకు మేనేజరు స్టేజీ పక్కకు వచ్చి చేతి గడియారం చూపిస్తాడు. మద్యం మాత్రం పన్నెండు వరకు, శుక్ర, శనివారాలలో ఒంటిగంట వరకు అమ్ముకోవచ్చు. పాట కోసం వచ్చినవారు లేచి వెళ్లిపోతారు, తాగడానికి వచ్చినవారు మిగులుతారు. ఒక గంట పాటకు అయిదుగురికి డబ్బు ఎందుకివ్వాలని యజమాని మరుసటి నెలలో ల్యాప్‌టాప్ తెచ్చుకునే డీజే ఒక్కడితో సరిపెట్టుకుంటాడు. నాకు తెలిసిన ఇద్దరు డ్రమ్మర్లు ఇలాగే ఈ పని మానేశారు.

కేంద్ర ప్రభుత్వం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియమాలు కూడా రాత్రి 10 తరువాత లౌడ్‌స్పీకర్లను నిషేధిస్తూనే, ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, విందు మందిరం వంటి మూసిన గదులకు మినహాయింపు ఇచ్చాయి. తలుపులు మూసి, శబ్దం బయటకు పోకుండా కట్టిన హాలులో అర్ధరాత్రి వరకు వాయించనివ్వాలని నేను అడుగుతున్నాను. అదుపు చేయవలసింది గోడ దాటి వెళ్లే శబ్దాన్నే.

విశ్రాంత అధ్యాపకుడు, జూబ్లీహిల్స్

బాబూ, మీ కష్టం నాకు అర్థమైంది. పాటంటే నాకూ ఇష్టమే. త్యాగరాయ గానసభలో కచేరీలు వింటూ పెరిగినవాణ్ణి. మేము ఇల్లు కట్టుకున్న రోజులలో మా వీధిలో పది ఇళ్లు, వాటి చుట్టూ బండరాళ్లు తప్ప మరేమీ ఉండేవి కావు. మా వెనుకనున్న బంగళాను కొన్నేళ్ల క్రితం పబ్బుగా మార్చారు. దాని పై అంతస్తుకు గోడలు లేవు. పైన రేకు, చుట్టూ అద్దాల పలకలు. వేసవిలో ఆ అద్దాలను కూడా పక్కకు జరిపేస్తారు.

పాటలోని మాట ఒక్కటి కూడా మాకు వినిపించదు, దెబ్బ మాత్రమే వినిపిస్తుంది. వంటింటి అరలో రెండు స్టీలు గ్లాసులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, దెబ్బ పడినప్పుడల్లా అవి సన్నగా మోగుతాయి. నా భార్య రోజూ పడుకునే ముందు వాటిని విడదీసి, మధ్యలో చేతిగుడ్డ పెట్టి వస్తుంది. మా మనవడు పదో తరగతి పరీక్షలకు మా ఇంట్లో ఉండి చదువుకోవలసినవాడు, చివరి నెలలో వాళ్ల మేనత్త ఇంటికి వెళ్లిపోయాడు.

నివాస ప్రాంతంలో రాత్రి వేళ శబ్దం 45 డెసిబెళ్లు, వాణిజ్య ప్రాంతంలో 55 డెసిబెళ్లు దాటకూడదని నియమం. పది డెసిబెళ్ల తేడా చిన్నదిగా కనబడుతుంది కాని, శబ్దశక్తిలో అది పది రెట్లు. మెయిన్ రోడ్డుకు ఆనుకున్న వరుస వాణిజ్యమైతే, దాని వెనుక గోడకు ఇవతలి వరుస నివాసం. ఆ గోడ దగ్గర శబ్దం ఆగి తన అంకె మార్చుకుంటుందా? ఒకసారి మా ఫిర్యాదు మీద మీటరు తెచ్చి కొలిచారు. అంకె పరిమితికి కాస్త అటూ ఇటూగానే ఉందని చెప్పి వెళ్లిపోయారు. ఆ రాత్రి కూడా గ్లాసులు మోగాయి.

అందుకే నాకు గడియారమే కావాలి. పది దాటిందో లేదో చెప్పడానికి నిపుణుడు అక్కరలేదు. మీ మినహాయింపు వస్తే, ఫలానా పబ్బు గోడ సరిగా లేదని నిరూపించే భారం డెబ్బై ఏళ్ల నా మీద పడుతుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఒకప్పుడు బెంగళూరు ఇందిరానగర్

మాస్టారు చెప్పిన భారం నిజమైనదే, కాని ముందు నిషేధించి తరువాత ఆలోచిస్తే ఏమవుతుందో నేను బెంగళూరులో చూశాను. అక్కడ ప్రజా వినోద స్థలాల మీద 2005లో తెచ్చిన పోలీసు ఉత్తర్వు, కాబరే, డిస్కోథెక్‌లతో పాటు లైవ్ బ్యాండును కూడా లైసెన్సు కిందకు తెచ్చింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు దానిని సమర్థించిన తరువాత, ఆ ఏడాదే పోలీసులు లైసెన్సు లేని చోట సంగీతం ఆపించారు. గిటారు పట్టుకుని రాక్ పాటలు పాడే కుర్రవాడినీ, కాబరేనూ ఒకే గాటన కట్టారు. ఇందిరానగర్ ఇళ్లవారి నిద్రను చెడగొట్టిన వాహనాలు, వీధిలో అరుపులు మాత్రం అలాగే ఉన్నాయి.

మెల్‌బోర్న్‌లో స్థిరపడిన విజయవాడ వ్యక్తి

మా ఊరి అనుభవం ఇక్కడ పనికొస్తుందేమో చూడండి. 2010 జనవరిలో కాలింగ్‌వుడ్‌లోని టోట్ హోటల్ అనే పాత సంగీత బార్ మూతపడింది. లైవ్ మ్యూజిక్ ఉన్న బార్ అంటేనే గొడవలకు ఆస్కారమున్న చోటని లెక్కగట్టి, చిన్న వేదికల మీద కూడా ఖరీదైన భద్రతా షరతులు పెట్టడం దానికి కారణం. ఫిబ్రవరిలో వేలాది మంది వీధులలోకి వచ్చారు, ప్రభుత్వం ఆ లెక్కను సవరించుకుంది. 2014లో విక్టోరియా రాష్ట్రం మరో నియమం తెచ్చింది: మార్పు తెచ్చినవారే శబ్దానికి బాధ్యులు. పాత సంగీత వేదిక పక్కన కొత్తగా అపార్టుమెంట్లు కడితే గోడలు, కిటికీలు గట్టిగా కట్టవలసిన ఖర్చు బిల్డరుది; పాత ఇళ్ల మధ్యకు కొత్తగా వేదిక వస్తే ఖర్చు వేదికది. ఈ నియమం జూబ్లీహిల్స్‌కు వర్తిస్తే మాస్టారి ఇల్లే ముందు వచ్చింది కాబట్టి, ఖర్చూ రుజువూ రెండూ పబ్బే భరించాలి. కోకాపేటలో ముందు పబ్బు వచ్చి తరువాత టవర్లు లేస్తే తీర్పు తారుమారవుతుంది. ఎవరు ముందు వచ్చారో తేల్చకుండా ఊరంతటికీ ఒకే గంట కొట్టడం నాకు న్యాయంగా కనబడదు.

బేస్ గిటారిస్టు

మాస్టారూ, గ్లాసుల సంగతి చదివిన దగ్గర నుంచి నా మనసు మనసులో లేదు. అక్కడ మోగుతున్నది నేను వాయించే స్థాయే. బేస్ గిటారు లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది, డ్రమ్ముల కిక్ దెబ్బ కూడా దాని చుట్టుపక్కలే. యాభై హెర్ట్జ్, అంటే సెకనుకు యాభై కంపనాల దగ్గర ఒక్కో శబ్ద తరంగం ఏడు మీటర్ల పొడవుంటుంది. దానికి అద్దం, రేకు అడ్డే కావు. గోడలకు అంటించే ఫోమ్ లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుందే తప్ప ఈ తరంగాన్ని ఆపలేదు. బరువైన ఇటుక గోడ, కాంక్రీటు కప్పు, రెండు తలుపుల మధ్య ఖాళీ గది ఉంటేనే అది ఆగుతుంది.

మీ ఇంటి దగ్గర కొలిచినవారి అంకె ఎందుకు తక్కువ వచ్చిందో కూడా చెబుతాను. మన నియమాలలోని పరిమితులన్నీ ‘ఏ’ రకం డెసిబెళ్లలో ఉన్నాయి. మనిషి చెవి తీరుకు దగ్గరగా ఉండాలని ఆ కొలత లోతైన శబ్దాలను తగ్గించి చూపుతుంది. యాభై హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు ముప్ఫై డెసిబెళ్లు. అంటే 80 డెసిబెళ్ల దెబ్బ మీటరు మీద 50గా కనబడుతుంది. ‘సి’ రకం కొలతలో ఆ తగ్గింపు దాదాపు ఉండదు, చాలా మీటర్లలో ఒక్క బటన్ నొక్కితే అది వస్తుంది. రెండు అంకెలూ రాయాలని నియమం ఉండి ఉంటే మీ ఫిర్యాదు ఆ రాత్రే నిలబడేది.

కాబట్టి నా మాట సవరించుకుంటున్నాను. రేకు కప్పుల పైన, డాబాల మీద పదికి ముందు కూడా సబ్‌వూఫర్, అంటే లోతైన శబ్దాలకు వాడే పెద్ద స్పీకరు, ఉండకూడదు. ఆ చోట మేము చిన్న స్పీకర్లతో, డ్రమ్ములకు బదులు చేతులతో తట్టి వాయించే కహోన్ అనే చెక్క పెట్టెతో వాయించగలము, వాయించాము కూడా. గట్టిగా కట్టి, పరీక్షలో నెగ్గిన హాలుకే పన్నెండు వరకు అనుమతి ఇవ్వాలి. కాని గడియారం మిమ్మల్ని కాపాడుతోందన్న మాటతో మాత్రం ఏకీభవించలేను. ఎనిమిదింటికి, తొమ్మిదిన్నరకు మీ గ్లాసులు మోగడం లేదా? మీ మనవడు చదువుకునేది ఆ వేళలోనే కదా. పకడ్బందీ గోడ కట్టిన యజమానినీ, రేకు వేసినవాణ్ణీ గడియారం ఒకేలా చూస్తుంది. ఇక గోడ కట్టేవాడెవడు?

విశ్రాంత అధ్యాపకుడు

సాయంత్రం వేళ సంగతి మీరు చెప్పేదాకా నేను ఆలోచించలేదు. పది ఎప్పుడవుతుందా అని ఎదురుచూడటం అలవాటైపోయి, అంతకు ముందు గంటలను వదిలేసుకున్నాను.

మీ పరీక్షకు నేను ఒప్పుకుంటాను, మూడు షరతుల మీద. కొలత పబ్బు గేటు దగ్గర కాకుండా పక్కింటి పడకగదిలో జరగాలి. ఖర్చు పబ్బు పెట్టుకోవాలి, లైసెన్సు పునరుద్ధరించిన ప్రతిసారీ మళ్లీ జరగాలి. వచ్చిన రెండు అంకెలూ గేటు మీద అందరికీ కనబడేలా రాయాలి. ఇవి కుదిరేదాకా పది గంటల నియమం ఉండవలసిందే. అర్ధరాత్రి మా గేటు ముందు కార్లు తిప్పే వాలెట్ కుర్రవాళ్ల హారన్ల సంగతి విడిగా మాట్లాడుకోవాలి, దానికి గోడ మందు కాదు.

మీ దగ్గర మీటరు ఉంటే మీకు కచేరీ లేని శనివారం సాయంత్రం ఏడింటికి మా ఇంటికి రండి. ఆ రోజు గ్లాసుల మధ్య గుడ్డ పెట్టవద్దని మా ఆవిడతో చెప్పి ఉంచుతాను.