చేపలరేవు కుర్రాడు రేస్ ట్రాక్ ఎక్కాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జెట్టీ నాన్న: విశాఖ చేపలరేవులో మరబోటు మీద పనిచేస్తాను. మా అబ్బాయికి పదిహేనేళ్లు. స్పెయిన్ బైక్ రేసర్ పెడ్రో అకోస్టా తండ్రి కూడా సముద్రం మీద వేటకు వెళ్లేవాడని తెలిసిన నాటి నుంచి వాడికి రేసింగ్ తప్ప మరో ధ్యాస లేదు. ఇక్కడ ట్రాక్ లేదు, నాకు ఈ రంగం తెలియదు. తోటి పిల్లలతో కలిసి రాత్రిపూట భీమిలి రోడ్డు మీద బండి తీస్తాడేమోనన్న భయంతో నాకు నిద్ర పట్టడం లేదు. అనుభవమున్నవారు దారి చూపించగలరు.

ఎంవీపీ అభిమాని: నాన్నగారూ, స్పెయిన్‌లోని మజరోన్‌లో 2004లో పుట్టిన అకోస్టా ఒక్కసారిగా పైకి రాలేదు. 2020లో కుర్రాళ్ల కోసం నడిచే రెడ్ బుల్ రూకీస్ కప్ గెలిచాడు. మరుసటి ఏడాది ప్రపంచ పోటీల్లో మొదటి మెట్టయిన మోటో3లో అడుగుపెట్టి, దోహా పందెంలో శిక్షగా ట్రాక్ పక్కన బండ్లు ఆగే పిట్ లేన్ నుంచి అందరి వెనక బయలుదేరి కూడా మొదటివాడిగా ముగించాడు, ఆ ఏడే ఛాంపియన్ అయ్యాడు. 2023లో రెండో మెట్టయిన మోటో2 టైటిల్, 2024లో అన్నిటికంటే పై మెట్టయిన మోటోజీపీ ప్రవేశం. 250 సీసీ నుంచి 765 సీసీకి, అక్కడి నుంచి 1000 సీసీకి సాగిన ఆ ప్రయాణంలో ఏ మెట్టూ దాటవేయలేదన్నది మీ అబ్బాయికి చెప్పండి.

గాజువాక మెకానిక్: నేను చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాసు ట్రాక్‌లో రెండు రోజుల శిక్షణ తీసుకున్నాను. సింహాచలం ఘాట్ రోడ్డు మలుపులన్నీ నాకు కొట్టిన పిండే కాబట్టి భయం లేదనుకుని వెళ్లాను. మొదటి ల్యాపుల్లోనే, బ్రేక్ ఎక్కడ వేయాలో చూపే గుర్తు దాటిపోయి, మలుపులోకి వాలాల్సిన చోట నిటారుగా ట్రాక్ అంచుదాకా వెళ్లిపోయాను. శిక్షకుడు నన్ను పక్కకు పిలిచి, నా చూపు ముందు చక్రం దగ్గరే ఆగిపోతోందని, మలుపు లోపలి అంచును, ఆ తర్వాత బయటికి వెళ్లే దారిని చూడమని చెప్పారు. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజకుండా, బరువు ముందు టైరు మీదికి చేరేదాకా మెల్లగా మొదలుపెట్టి ఆపై గట్టిగా నొక్కడం అలవాటయ్యేసరికి నా చేతివేళ్లు బొబ్బలెక్కాయి. 3.717 కిలోమీటర్ల ట్రాక్‌ను ఒకే లయలో తిరగడంలో ఉన్న కష్టం ఖాళీ రోడ్డు మీద ఎంత వేగంగా వెళ్లినా తెలియదు. బీచ్ రోడ్డు మీద ఎదురుగా ఆటో వస్తుంది, ఇసుక పరచుకుని ఉంటుంది, గుర్తులుండవు. అక్కడ పెరిగేది ధైర్యం మాత్రమే, పనితనం కాదు.

సీతమ్మధార తల్లి: అయ్యా, ట్రాక్ అంటే ప్రమాదం ఉండదని బాబుకు చెప్పకండి. 2023 ఆగస్టులో అదే మద్రాసు ట్రాక్‌లో 13 ఏళ్ల బెంగళూరు కుర్రాడు పందెంలో పడి ప్రాణం కోల్పోయాడు. మా తమ్ముడి కొడుకు రేసింగ్‌కు వెళతానన్నప్పుడు నేను పట్టుబట్టింది ఒక్కటే: లెదర్ సూట్, వెన్ను రక్షణ, సరిగ్గా బిగిసే హెల్మెట్ కొనేదాకా బండి కొనకూడదని. పాత హెల్మెట్ ఎవరిచ్చినా తీసుకోకండి. తొందర కూడా వద్దు. 2021లో వరుసగా కుర్రాళ్లు చనిపోయాక, మోటో3లో కనీస వయసునే సాధారణంగా 18కి పెంచారు.

గాజువాక మెకానిక్: అమ్మగారు చెప్పినది అక్షరాలా నిజం. ఖర్చు సంగతి కూడా ముందే ఆలోచించండి. సొంత రేస్ బైకు ఇప్పుడు అవసరం లేదు. ఒకే రకం బండ్లతో కంపెనీలు నడిపే వన్-మేక్ పోటీల్లో ఎంపిక పరీక్షలో నెగ్గినవారికి బండి వాళ్లే ఇస్తారు. పోటీకి దిగే ముందు, మన దేశంలో మోటార్ రేసులను పర్యవేక్షించే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్స్ తప్పనిసరి.

జెట్టీ నాన్న: అందరికీ నమస్కారాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, బోటు జెట్టీకే కట్టి ఉంటుంది. ఆ రోజుల్లో వాణ్ణి రైల్లో చెన్నైకి తీసుకువెళ్లి శిక్షణ చూపిస్తాను. అమ్మగారి మాట ప్రకారం ముందు హెల్మెట్ కొంటాను. నిన్న మెకానిక్ గారు రాసినదంతా చదివి వినిపిస్తే, చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్న వాడు, బ్రేక్ గుర్తులు ట్రాక్‌లో ఎంత దూరంలో పెడతారో అడగమన్నాడు.