మేనల్లుడి కేసు: ఆధార్‌లో 18 నిండాయి, టెన్త్ మెమోలో 17. లాయర్ని ఎలా పెట్టుకోవాలి?

అడిగినవారు, కోనసీమ
నమస్కారమండి. కొంచెం తొందరగా చెప్పండి, ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం. మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. బావ లేడు, అక్క కువైట్‌లో ఇళ్లలో పనికి వెళ్లింది. పిల్లాడు మా అమ్మ దగ్గరే పెరిగాడు. మా వైపు రొయ్యల చెరువుల గట్ల మీద ఏరియేటర్ మోటార్లు (నీళ్లలో గాలి కలిపేవి) దొంగతనానికి పోతున్నాయి. ఈ సాయంత్రం ఇద్దరు పెద్ద కుర్రాళ్లతో పాటు మావాణ్నీ స్టేషన్‌కి తీసుకెళ్లారు. వాళ్లిద్దరూ పాతికేళ్లు దాటినవాళ్లు. బండి వెనకాల కూర్చున్నానంతే అంటున్నాడు మావాడు. నిజమో కాదో నాకు తెలీదు.

ఆధార్ తీయించినప్పుడు ఎవరో పుట్టినరోజు జనవరి 1 అని వేసేశారు, సంవత్సరం కూడా తప్పే. దాని ప్రకారం 18 దాటాయి. టెన్త్ మెమోలో అయితే 17. పోలీసులు ఆధార్ చూసి రాసుకున్నారు. రేపు మేజిస్ట్రేట్ గారి దగ్గరికి, అక్కణ్నుంచి సబ్‌జైలుకి అంటున్నారు. ఆ కుర్రాళ్ల తాలూకు వాళ్లు వచ్చి "మా లాయరే మీవాడిదీ చూస్తాడు, మీరు పైసా ఇవ్వక్కర్లేదు" అన్నారు. ఒప్పుకోమంటారా?

న్యాయవాది, అమలాపురం
ఒప్పుకోకండి. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు వయసు సంగతి.

టెన్త్ మెమో ఒరిజినల్ చేతిలో పెట్టుకోండి. జిరాక్సు జతచేసి "నేరం జరిగిందంటున్న తేదీకి ఈ అబ్బాయికి 18 నిండలేదు" అని ఎస్సై గారి పేరున తెల్లకాగితం మీద రాసి ఈ రాత్రే ఇవ్వండి. మీ దగ్గరుండే కాపీ మీద తీసుకున్నట్టు సంతకం, టైము వేయించుకోండి. వేయకపోతే గొడవ పడకండి, ఫొటో తీసి ఉంచుకోండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 ప్రకారం వయసుకి మొదట చూడాల్సింది స్కూలు సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో. అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఆ వరసలోనే లేదు. పుట్టిన తేదీకి అది రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఒకవేళ రేపు మేజిస్ట్రేట్ గారి ముందే నిలబెట్టినా కంగారు పడకండి. మైనర్ అని అక్కడ నోరు విప్పి చెప్పాలి, కాగితం ఇవ్వాలి. అప్పుడు ఆయన వయసు విచారణ చేయాల్సిందే (సెక్షన్ 9). ఆ విచారణ తేలేలోపు కస్టడీ అవసరమనుకున్నా సురక్షిత స్థలానికే పంపాలి, సబ్‌జైలుకి కాదు. మైనర్ అని తేలితే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళ్తుంది. బోర్డంటే ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్లు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ ఉండాలి.

ఇక లాయరు. 15100కి ఇప్పుడే ఫోన్ చేయండి, అది ఉచితంగా లాయర్ని పెట్టించే లీగల్ సర్వీసెస్ వాళ్ల నంబరు. పొద్దున్నే కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార కమిటీ ఆఫీసుకి వెళ్లి అప్లికేషన్ ఇవ్వండి. పిల్లలకి ఆదాయంతో పని లేదు, అక్క కువైట్‌లో సంపాదిస్తోందా అని ఎవరూ అడగక్కర్లేదు. ఆధార్ వయసు చూసి అక్కడా తిప్పి పంపబోతే మెమో చూపించండి.

భీమవరం నుంచి ఒక తల్లి
తమ్ముడూ, మా పెద్దాడి విషయంలో ఇలాగే అయింది. లాయర్ గారు చెప్పిన కాగితం పని మాత్రం వదలొద్దు. ఇంకోటి, పిల్లాడు అన్నం తిన్నాడా, దెబ్బలేమైనా తగిలాయా అని నువ్వే ఎదురుగా నిలబడి అడుగు. వాళ్లమ్మ దూరంగా ఉంది కాబట్టి ఆ మాట అడిగే మనిషి వాడికి కావాలి.

రావులపాలెం
లీగల్ ఎయిడ్ లాయర్లని నమ్ముకుంటే వాయిదాలకి జూనియర్ వస్తాడు, అదీ వస్తే. ఊళ్లో పెద్దమనిషి చేత ఎస్సై గారికి ఒక మాట చెప్పించుకోండి. చెరువు వాళ్లతో రాజీ పడి మోటార్ల డబ్బు కట్టేస్తే సరిపోయేదానికి కోర్టులెందుకు?

న్యాయవాది, అమలాపురం
మీ అనుభవం కాదనను. అలాంటి లాయరు తగిలితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీకి రాసి మార్పించుకోవచ్చు. సెక్రటరీ జడ్జి స్థాయి మనిషే. ఆ లాయరు ఫీజు అడిగినా అక్కడే చెప్పండి. సొంత డబ్బుతో పెట్టుకుంటామన్నా తప్పు లేదు. కాకపోతే "బోర్డు ముందు ఎన్ని కేసులు చేశారు?" అని మొహమాటం లేకుండా అడగండి. క్రిమినల్ కోర్టులో పేరున్న ప్రతివాడికీ ఈ చట్టం చేతికి రాదు.

రాజీ మాట కేసు మొదలయ్యాక లాయరు ద్వారానే నడవాలి. పెద్దల ముందు రాసుకునే కాగితంలో "మావాడు దొంగతనం చేశాడు, తప్పయింది" అని ఒక్క వాక్యం పడిందంటే రేపు అదే మెడకి చుట్టుకుంటుంది.

ఇప్పుడు ఆ పెద్ద కుర్రాళ్ల లాయరు సంగతి. మీవాడి తరఫున చెప్పాల్సింది ఏమిటి? "పెద్దవాళ్లు తీసుకెళ్లారు, వీడు వెనక కూర్చున్నాడు" అని. ఆ ముక్క వాళ్ల లాయరు అనగలడా? అన్నాడంటే తన క్లయింట్లే మునుగుతారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషికి మీ పిల్లాణ్ని అప్పగించకండి. పైగా సెక్షన్ 23 ప్రకారం మైనర్‌నీ మేజర్‌నీ కలిపి విచారించకూడదు. రెండు చోట్ల రెండు విచారణలు జరిగేటప్పుడు ఒకే లాయరు ఏం లాభం? ఆ కుర్రాళ్ల తాలూకు వాళ్లు ఇంటికొచ్చి కూర్చుంటే "అక్క లీగల్ ఎయిడ్‌లో పెట్టించేసింది" అనేయండి, గొడవ ఉండదు.

అడ్మిన్
ప్రశ్నలోంచి ఊరి పేరు, కాలేజీ పేరు తీసేశాను. ఎవరూ మళ్లీ రాయొద్దు, ఇన్‌బాక్స్‌లో కూడా అడగొద్దు.

అడిగినవారు, కోనసీమ
థాంక్సండి. కాగితం ఇచ్చి వచ్చాను, సంతకం పెట్టారు. 15100 వాళ్లు వివరాలు రాసుకున్నారు. కానీ వీడి ఫొటో అప్పుడే ఊరి వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. ఇంకో సంగతి, స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టమన్నారట.

న్యాయవాది, అమలాపురం
పెట్టొద్దనండి. మైనర్ చేత స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టించకూడదని ఈ చట్టం కింద వచ్చిన 2016 మోడల్ రూల్స్‌లోనే ఉంది. లాకప్‌లో ఉంచకూడదు, బేడీలు వేయకూడదు. పట్టుకున్నప్పటి నుంచి 24 గంటల్లో బోర్డు ముందు హాజరు పరచాలి, ప్రయాణం టైము అందులోకి రాదు. రేపు బోర్డు కూర్చునే రోజు కాకపోతే మెంబర్లలో ఒకరి ముందైనా హాజరు పరచవచ్చు, కాబట్టి "బోర్డు లేదు, సోమవారం దాకా ఇక్కడే" అంటే వినకండి.

ఫొటో పెట్టినవాళ్లకి సెక్షన్ 74 ఉంది. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. స్క్రీన్‌షాట్ తీసుకుని, గ్రూపు అడ్మిన్‌కి ఆ సెక్షన్ పేరు చెప్పి తీయించండి. చాలామంది అక్కడితో తీసేస్తారు.

అడిగినవారు, కోనసీమ
ఆయ్, బయటికొచ్చాడండి! మెమో చూసి బోర్డు మెంబర్ గారి ముందుకే తీసుకెళ్లారు. లీగల్ ఎయిడ్ నుంచి ఒక మేడమ్ వచ్చారు. పక్కన కూర్చోబెట్టుకుని వాడితోనే మాట్లాడారు, నన్ను కాసేపు బయట ఉండమన్నారు. బెయిల్ ఇచ్చారు, అమ్మ చేత పూచీ రాయించుకున్నారు. ఇంత తేలిగ్గా ఇస్తారనుకోలేదు. ఇప్పుడు అక్క టికెట్ కొనుక్కుని వచ్చేస్తానంటోంది. రమ్మనాలా?

న్యాయవాది, అమలాపురం
సెక్షన్ 12 అలాంటిదే. మైనర్‌కి నాన్‌బెయిలబుల్ కేసైనా బెయిలే మామూలు, కాదంటేనే కారణం రాయాలి. నేరస్తుల సావాసంలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి అడ్డమనో. ఆ పెద్ద కుర్రాళ్లతో మళ్లీ కనిపించకుండా చూసుకోండి, బెయిల్ నిలబడేది దాని మీదే.

అక్క ఉద్యోగం వదిలి రావక్కర్లేదు, పెంచుతున్న అమ్మమ్మ సరిపోతుంది. ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొచ్చి చదువు, ఇల్లు, స్నేహాలు అన్నీ అడిగి బోర్డుకి రిపోర్టు ఇస్తారు. ఆ రోజు అక్కతో వీడియోకాల్‌లో మాట్లాడిస్తే మంచిదే. విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, పొడిగిస్తే మరో రెండు. గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటని చిన్న నేరమైతే ఆ పొడిగింపు తర్వాత కూడా తేలకపోతే కేసు అక్కడితో ముగిసినట్టే. మామూలు దొంగతనం సెక్షన్ ఒక్కటే పెట్టారా, ఇంకేమైనా కలిపారా అని మేడమ్‌ని ఎఫ్ఐఆర్ కాపీ చూసి చెప్పమనండి.

అడిగినవారు, కోనసీమ
కాలేజీలో ఏం చెప్పాలండి? వాయిదా రోజు సెలవు పెట్టాలి కదా.

భీమవరం నుంచి ఒక తల్లి
"ఇంట్లో పని" అని అమ్మమ్మ చేత సంతకం పెట్టించి ఇచ్చేయి తమ్ముడూ. నేనూ మావాడికి అదే రాసిచ్చాను, ఎవరూ ఏమీ అడగలేదు. ప్రాక్టికల్స్ ఉన్న రోజు వాయిదా పడిందంటే మాత్రం ముందే మేడమ్‌కి చెప్పు, వేరే తేదీ అడుగుతారు.