డబ్ల్యూసీడబ్ల్యూని ముంచింది రెజ్లర్లా, టీవీ పెద్దలా?

నైట్రో_అభిమాని:
1999 జనవరి 4, అట్లాంటా జార్జియా డోమ్ స్టేడియం. అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ వారం వారం వేసే టీవీ షో 'నైట్రో'. ఛాంపియన్ కెవిన్ నాష్ ఛాతీ మీద హల్క్ హోగన్ వేలితో అలా పొడిచాడు. అంత మనిషి వెల్లకిలా పడిపోయాడు. ఒకటి, రెండు, మూడు... బెల్టు హోగన్‌ది! గెలుపోటములు ముందే రాసుకునే ఆటే అయినా, డబ్బిచ్చి టికెట్ కొన్నవాళ్లకి ఇదా చూపించేది? నన్నడిగితే డబ్ల్యూసీడబ్ల్యూ ఆ రాత్రే పోయింది. 2001లో కంపెనీని అమ్మేయడం దినకర్మ మాత్రమే. కాదనేవాళ్లు రండి.

పాత_రింగు:
నేను కాదంటాను. ఒక్క రాత్రికి కూలిపోయే కంపెనీ కాదండీ అది. 1988లో టీవీ ఛానళ్ల యజమాని టెడ్ టర్నర్ కొన్నాడు, 1995 సెప్టెంబరులో నైట్రో మొదలైంది. మరుసటి ఏడాది రెజ్లర్లు స్కాట్ హాల్, నాష్ వచ్చారు, హోగన్ విలన్‌గా మారాడు. ఆ ఊపులో వరసగా 83 వారాలు, పోటీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఓనర్ విన్స్ మెక్‌మహన్ షో 'రా' రేటింగుల్లో వెనకే ఉంది. మీరు చెప్పిన రాత్రి అసలు తెలివితక్కువ పని వేరే ఉంది. 'రా' ముందే రికార్డయిపోయింది కాబట్టి, అందులో రెజ్లర్ మిక్ ఫోలీ టైటిల్ గెలుస్తాడని నైట్రో కామెంటేటర్ టోనీ షియవోనీ చేత వెటకారంగా చెప్పించారు. విన్నవాళ్లు లక్షల్లో ఛానల్ మార్చి ఫోలీని చూశారు. అయినా కంపెనీ ఇంకో రెండేళ్లు నడిచింది కదా!

లెక్కల_బ్రదర్:
నడిచింది, ఎవరి డబ్బుతో? 2000లో ఆరు కోట్ల డాలర్లకు పైగా నష్టమని వార్తలొచ్చాయి. మ్యాచ్ ఆడినా ఆడకపోయినా జీతం వచ్చే గ్యారంటీ కాంట్రాక్టులు. పైగా హోగన్ కాంట్రాక్టులో క్రియేటివ్ కంట్రోల్, అంటే తన కథ ఎలా నడవాలో తనే చెప్పే హక్కు! 1997లో డబ్ల్యూసీడబ్ల్యూ పెద్ద షో స్టార్‌కేడ్‌లో హోగన్, స్టింగ్ మ్యాచ్ గుర్తుందా? ఏడాదికి పైగా స్టింగ్‌ని నోరు మెదపకుండా ఊరించారు. కథ ప్రకారం స్టింగ్ కింద పడ్డప్పుడు రిఫరీ నిక్ పాట్రిక్ మోసంగా గబగబా మూడు లెక్కపెట్టాలి. ఆయనేమో మామూలుగానే లెక్కపెట్టాడు. ఇంకో రెజ్లర్ బ్రెట్ హార్ట్ వచ్చి అన్యాయం అని గొడవ చేస్తుంటే, అన్యాయమెక్కడో చూసేవాళ్లకి అర్థం కాలేదు. అంత బిల్డప్ బూడిదపాలు.

ట్రంప్_కార్డ్_బ్యాచ్:
అన్నా, చిన్నప్పుడు మేం ఆడిన కార్డుల్లో అంతా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్లే. ఈ కంపెనీ చివరికి ఎంతకి పోయింది?

పాత_రింగు:
పేరు, పాత వీడియోల లైబ్రరీ కలిపి దాదాపు 25 లక్షల డాలర్లు తమ్ముడూ. కొన్నది ఆ మెక్‌మహనే. అసలు ఇంతకుముందు డబ్ల్యూసీడబ్ల్యూని నడిపిన ఎరిక్ బిషాఫ్ ఉన్న ఫ్యూజియంట్ బృందం కొనడానికి వచ్చింది. ఈలోగా ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్, టర్నర్ ఛానళ్లున్న టైమ్ వార్నర్ విలీనమయ్యాయి. టర్నర్ ఛానళ్లకి పెద్దగా వచ్చిన జేమీ కెల్నర్ 2001 మార్చిలో టీఎన్‌టీ, టీబీఎస్‌ల నుంచి రెజ్లింగ్‌ని తీసేశాడు. టీవీ స్లాట్ లేని రెజ్లింగ్ కంపెనీని ఎవరు కొంటారు? వాళ్లు తప్పుకున్నారు. మార్చి 26న పనామా సిటీ బీచ్‌లో ఆఖరి నైట్రో. వేలు పొడిచినందుకు కాదు, ప్లగ్ పీకినందుకు పోయింది.

నైట్రో_అభిమాని:
మరి రెజ్లర్ గోల్డ్‌బర్గ్ సంగతి? 1998 జులైలో సుమారు 40 వేల మంది ముందు హోగన్‌ని ఓడించాడు. విడిగా డబ్బు కట్టి చూసే పే పర్ వ్యూలో కోట్లు తెచ్చే మ్యాచ్‌ని ఫ్రీ టీవీలో ఇచ్చేశారు. డిసెంబరులో హాల్ వచ్చి కరెంట్ షాకిస్తే నాష్ చేతిలో ఓడించారు. జెరికో, ఎడ్డీ గెరెరో లాంటి రెజ్లర్లు విసిగిపోయి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి వెళ్లారు. 2000లో సినిమా నటుడు డేవిడ్ ఆర్క్వెట్‌కి బెల్టు కట్టారు! ఇవన్నీ కెల్నర్ చేయించాడా?

పాత_రింగు:
చేయించలేదు. కానీ ఇంత కంగాళీ తర్వాత కూడా కొనేవాడు దొరికాడు. అలాంటప్పుడు స్లాట్ ఎందుకు తీశారో ఎవరూ చెప్పరేం?

లెక్కల_బ్రదర్:
ఏడాదికి ఆరు కోట్లు తగలేసిన షోకి మీరైతే స్లాట్ ఇస్తారా సార్?

పాత_రింగు:
కొత్త ఓనర్ చేతికి పోయాక ఆ నష్టం వాడిది, ఛానల్‌ది కాదు. ఇచ్చేవాణ్ని.