117వ మూలకాన్ని "మానవ నిర్మితం" అనడం సబబేనా?

పలకగళ్లు:
ఆవర్తన పట్టికల్లో 93 నుంచి 118 దాకా ఒకే రంగు పూసి "మానవ నిర్మితాలు" అని రాసేస్తున్నారు. టెక్నీషియం సంగతి మరిచారా? 1937లో సైక్లోట్రాన్ (కణాలను వేగంగా పరుగెత్తించే యంత్రం) నుంచి తీసిన మాలిబ్డినం రేకులో దొరికింది కాబట్టి "కృత్రిమం" అనే అర్థమొచ్చే పేరు పెట్టారు. 1952లో ఖగోళ శాస్త్రవేత్త మెరిల్ ఎర్రటి తారల వర్ణపటంలో దాని గీతలు పట్టుకున్నాడు. అక్కడి టెక్నీషియం 99 (అంకె ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) అర్ధాయువు, అంటే సగం క్షయమయ్యే కాలం, 2 లక్షల ఏళ్లు. అంత పాత తారలో ఇంకా కనిపిస్తోందంటే అక్కడ ఇప్పుడు కూడా తయారవుతున్నట్టే. ప్లుటోనియం 244 సముద్రగర్భపు పొరల్లో దొరికింది, అది అంతరిక్షం నుంచి రాలిందే. రేపు 117వ మూలకం టెనెస్సీన్ కథా ఇంతే. రంగు మార్చాలి.

న్యూట్రాన్‌లెక్క:
టెక్నీషియానికీ టెనెస్సీన్‌కీ పోలికేంటండీ? 117 ఎలా వచ్చిందో చూడండి. అమెరికాలోని ఓక్ రిడ్జ్ రియాక్టర్‌లో క్యూరియం, అమెరీషియం లక్ష్యాలను 250 రోజులు న్యూట్రాన్లలో ఉంచారు. మరో 90 రోజులు శుద్ధి చేస్తే చేతికొచ్చింది 22 మిల్లీగ్రాముల బెర్కీలియం 249. దాన్ని టైటానియం రేకులపై పూసి, రష్యాలోని దుబ్నా ల్యాబ్‌లో 150 రోజులు కాల్షియం 48తో కొట్టారు. సహజ కాల్షియంలో ఆ ఐసోటోప్ 0.2 శాతం కూడా ఉండదు, కాబట్టి దాన్ని వేరు చేయడమే పెద్ద ఖర్చు. 48, 249 కలిస్తే 297; మూడో నాలుగో న్యూట్రాన్లు ఊడిపోతే 294, 293. మొత్తం దొరికినవి 6 పరమాణువులు. 20 ప్రోటాన్లున్న కేంద్రకం 97 ప్రోటాన్లున్న దాన్ని గుద్దితే, ఎక్కువసార్లు రెండూ కలవకముందే విడిపోతాయి. ఏ తారలో బెర్కీలియం పూత మీద కాల్షియం పుంజం పడుతోంది చెప్పండి?

ఊరికేచదువరి:
బెర్కీలియం ఏడాదికి పైగా నిలుస్తుంది కదా, దాన్ని వెంటనే కొట్టాలన్న హడావుడి దేనికి?

న్యూట్రాన్‌లెక్క:
అర్ధాయువు 330 రోజులు, ఏడాది కూడా లేదు. 150 రోజుల్లో పావు వంతుకు పైగా కాలిఫోర్నియం 249 అయిపోతుంది. 2012లో ప్రయోగం మళ్లీ చేసినప్పుడు ఆ కాలిఫోర్నియం నుంచి 118 కూడా పుట్టింది.

పలకగళ్లు:
పుంజం సంగతి ఎవరడిగారు? తారకు పుంజంతో పనేంటి, దానికి న్యూట్రాన్లు చాలు. రెండు న్యూట్రాన్ తారలు ఢీకొంటే సెకను లోపే కేంద్రకం డజన్ల కొద్దీ న్యూట్రాన్లు మింగుతుంది. ఆ తర్వాత బీటా క్షయాలతో (న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారడం) మెట్టుమెట్టుగా ప్రోటాన్లు పెరుగుతాయి.

న్యూట్రాన్‌లెక్క:
100వ మూలకం ఫెర్మియం దగ్గరి గోడ మాటేంటి? రియాక్టర్‌లో ఒక్కో న్యూట్రాన్ పట్టుకుంటూ ఫెర్మియం 257 దాకా వెళ్తాం, దాని అర్ధాయువు 100 రోజులు. ఇంకొకటి చేరితే 258. అది 0.37 మిల్లీసెకన్లలో సగం విచ్ఛిత్తి. దారి అక్కడితో సరి. తారల్లోని నెమ్మది దారైతే ఇంకా ముందే, బిస్మత్ 209 దగ్గరే ఆగుతుంది: ఇంకో న్యూట్రాన్ చేరి బీటా క్షయం జరిగితే పొలోనియం 210, అది ఆల్ఫా కణం (2 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్లు) వదిలి మళ్లీ సీసం.

బీటాబాబు:
ఆ గోడ రియాక్టర్ దారికే అండీ. 1952 నవంబరు 1 నాటి ఐవీ మైక్ అనే అమెరికా హైడ్రోజన్ బాంబు పేలుడులో యురేనియం 238 ఒక్క ఊపులో 17 న్యూట్రాన్ల దాకా మింగింది. యురేనియం 255 ఎనిమిది బీటా క్షయాలతో ఫెర్మియం 255 అయింది. మధ్యలో ఆగి క్షయమయ్యే వ్యవధే లేదు. తారల ఢీ కూడా అదే తీరు, ఇంకా ఎక్కువ మోతాదులో. కాకపోతే తర్వాత చేసిన పేలుళ్ల శిథిలాల్లోనూ 257 దాటినది దొరకలేదు.

పలకగళ్లు:
చూశారా! 2023లో 42 తారల్లో వెండి, పల్లాడియం లాంటి వాటి పాళ్లు లెక్కగట్టి, 260 దాటిన కేంద్రకాలు విడిపోతే తప్ప అంత రావని తేల్చారు. గోడ కూలింది.

న్యూట్రాన్‌లెక్క:
260 అనేది ద్రవ్యరాశి సంఖ్య, పరమాణు సంఖ్య కాదు! 260 బరువు, 95 ప్రోటాన్లున్న కేంద్రకం అమెరీషియమే అవుతుంది. 117 ఎక్కడుంది అందులో? న్యూట్రాన్లు మింగితే బరువు పెరుగుతుంది, పేరు మారదు. పేరు మారాలంటే బీటా క్షయం కావాలి, ఆ దారిలోనే చాలావరకు పగిలిపోతాయి. మీ 42 తారలు చెప్పేదీ పగిలాయనే!

పలకగళ్లు:
పగలడానికి ముందు పుట్టాలి కదా. పైగా మీ ల్యాబ్ 293లో న్యూట్రాన్లు 176. కేంద్రకానికి స్థిరత్వం పెరుగుతుందని చెప్పే 184 న్యూట్రాన్లకు ఎనిమిది తక్కువ. ల్యాబ్ వల్ల కానిది తారే చేయాలి.

న్యూట్రాన్‌లెక్క:
"చేయాలి" వేరు, "చేసింది" వేరు. 1950లలో ఒక సూపర్నోవా వెలుగు సుమారు 55 రోజులకోసారి సగమవుతోందని, అది కాలిఫోర్నియం 254 అని పెద్దపెద్దవాళ్లే రాశారు. బాంబు శిథిలాల్లో దాని అర్ధాయువు అంతే కనిపించింది మరి. తీరా చూస్తే అసలు కారణం నికెల్ 56, అది క్షయమైతే వచ్చే కోబాల్ట్ 56. వెలుగు వంపు చూసి మూలకం పేరు పెట్టొద్దు. వర్ణపటంలో గీత చూపించండి, అప్పుడు రంగు మారుద్దాం.

బీటాబాబు:
మీరిద్దరూ పోట్లాడేది రంగు మీద కాదు. పలకగళ్లు గారికి ఆ గడి "ఇది ఎక్కడైనా పుట్టగలదా" అని చెప్పాలి. లెక్క గారికి "ఎక్కడ కనబడింది" అని చెప్పాలి. ఒక్క గడిలో రెండూ పట్టవు.

న్యూట్రాన్‌లెక్క:
కనబడనిదాన్ని పిల్లల పట్టికలో పెట్టకూడదన్నదే నా పట్టు. ప్లుటోనియం వరకు రంగు మార్చండి, అడ్డు చెప్పను. యురేనియం ఖనిజంలోనూ దాని ఆనవాళ్లున్నాయి.

పలకగళ్లు:
మరి ఫెర్మియం? మనుషులు పేల్చిన బాంబులోనే మొదట దొరికింది, కానీ పుట్టిన పద్ధతి తారదే. ఆ గడికి ఏ రంగు వేస్తారు?

న్యూట్రాన్‌లెక్క:
బాంబు చేసింది మనిషేగా.

ఊరికేచదువరి:
ఇదీ ఎల్లుండి దాకా సాగేలా ఉంది.